ఐ7-10700 బ్రాండెడ్ సిస్టమ్‌ను బయోస్ నుంచి ఓవర్‌క్లాక్ చేయవచ్చా?

నిజాంపేట డిజైనర్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను నిజాంపేటలో ఇంటీరియర్ డిజైన్ పని చేస్తాను. అపార్టుమెంట్లలోని వంటగదులకూ పూజగదులకూ వార్డ్‌రోబులకూ స్కెచ్‌అప్‌లో నమూనా తయారుచేసి, వీ-రేలో రెండర్ చేసి (అంటే ఆ నమూనాను ఫోటోలాంటి బొమ్మగా మార్చి), ఆ బొమ్మను ఇంటివారికి చూపించి ఒప్పించడం నా రోజువారీ పని. ఏడాది క్రితం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలో, ఏదో ఐటీ కంపెనీ వాడి వదిలేసిన బ్రాండెడ్ డెస్క్‌టాప్‌ను రిఫర్బిష్డ్ సరుకుగా కొన్నాను. అందులో ఇంటెల్ ఐ7-10700 ప్రాసెసర్, క్యూ470 చిప్‌సెట్ (ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే చిప్) ఉన్న బోర్డు, 16 జీబీ ర్యామ్ స్టిక్ ఒకటి, 260 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే డబ్బా) ఉన్నాయి. 4 జీబీ జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డును తర్వాత నేనే వేయించుకున్నాను. అయితే నా సీన్లు దాని మెమరీలో పట్టవు కాబట్టి రెండరింగ్ మొత్తం ప్రాసెసర్ మీదే నడుస్తుంది.

సమస్య ఏమిటంటే, ఒక మోస్తరు వంటగది రెండర్ పూర్తవడానికి 46 నిమిషాలు పడుతోంది. ఇంటివారు చూసి "ఆ ల్యామినేట్ రంగు కాస్త లేతగా ఉంటే బాగుండేదేమో" అన్నారంటే మళ్లీ 46 నిమిషాలు.

యూట్యూబ్‌లో ఓవర్‌క్లాకింగ్ (కంపెనీ పెట్టిన హద్దును మించి ప్రాసెసర్‌ను నడపడం) గురించి చూసిన ఒక వీడియోలో బయోస్‌లోకి, అంటే సిస్టమ్ ఆన్ కాగానే ముందుగా నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్‌లోకి వెళ్లి, మల్టిప్లయర్ అనే అంకెను 50 చేసి, కోర్ వోల్టేజీని కొద్దిగా పెంచి, ప్రాసెసర్‌ను 5 గిగాహెర్ట్జ్ దగ్గర నడిపించారు. నేను కూడా సిస్టమ్ ఆన్ చేస్తూ ఎఫ్2 నొక్కి, బయోస్‌లోని మెనూలన్నీ వెతికాను. టర్బో బూస్ట్, స్పీడ్‌స్టెప్, సీ-స్టేట్స్ అనే మూడింటిని ఆన్, ఆఫ్ చేసుకునే వీలుంది, ఫ్యానుకు సంబంధించిన మెనూ ఒకటి ఉంది. మల్టిప్లయర్ గానీ వోల్టేజీ గానీ ఎక్కడా కనిపించలేదు. అవి దాచిపెట్టి ఉంటాయా, బయటికి తెచ్చే దారి ఏమైనా ఉందా అన్నది నా మొదటి సందేహం. ఒక షాపులో అడిగితే 1,500 రూపాయలకు "మాడిఫైడ్ బయోస్" ఎక్కిస్తామని, దానితో ఆప్షన్లన్నీ తెరుచుకుంటాయని చెప్పారు. ఎక్కించుకోవచ్చా అన్నది రెండోది. మూడోది చిన్నది. ర్యామ్ స్టిక్ మీద 3200 అని రాసి ఉంది, బయోస్‌లో మాత్రం 2933 అని చూపిస్తోంది. అమ్మినవారు నన్ను మోసం చేశారంటారా?

పాత సెలెరాన్ సమాధానం:

మూడో సందేహాన్ని ముందు తీర్చేస్తాను, ఎందుకంటే అందులో మోసమేమీ లేదు. ఐ7-10700లో ఉన్న మెమరీ కంట్రోలర్‌కు ఇంటెల్ నిర్ణయించిన గరిష్ఠ వేగం డీడీఆర్4-2933. దాన్ని మించి నడపాలంటే జెడ్490 వంటి చిప్‌సెట్ ఉన్న బోర్డు కావాలి. మీ స్టిక్ 3200కు పనికొచ్చేదే, కానీ మీ బోర్డు దాన్ని 2933 దగ్గరే నడుపుతుంది.

ఇక అసలు విషయం. ప్రాసెసర్ వేగమంటే రెండు అంకెల లబ్ధం. బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్, దాన్ని మల్టిప్లయర్‌తో గుణిస్తే వచ్చేది వేగం. మల్టిప్లయర్ 46 అయితే 4.6 గిగాహెర్ట్జ్. ఇంటెల్ వారి మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో సాధారణంగా పేరు చివర 'కె' అనే అక్షరం ఉన్నవాటికే ఆ మల్టిప్లయర్‌ను పైకి జరిపే వీలు ఉంటుంది. మీరు చూసిన వీడియోలో ఉన్నది 10700కె అయి ఉంటుంది. మీది ఉత్త 10700. అక్షరం ఒక్కటే తేడా అయినా తాళం సిలికాన్‌లోనే వేసి ఉంది. పోనీ రేపు మీరు 10700కె కొని ఇదే బోర్డులో పెట్టినా ఉపయోగం లేదు, ఎందుకంటే ఆ తరంలో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్‌కు అనుమతి ఉన్న చిప్‌సెట్ జెడ్490 మాత్రమే, క్యూ470 ఆఫీసు సిస్టమ్‌ల కోసం చేసినది. కాబట్టి మీ బయోస్‌లో ఆ ఆప్షన్లను ఎవరూ దాచిపెట్టలేదు. దాచడానికి అక్కడేమీ లేదు.

మల్టిప్లయర్ కదలకపోతే బేస్ క్లాక్‌నే పెంచుదామని అనుకుంటారేమో. నా పేరు వెనక కథ అదే. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఏలో మల్టిప్లయర్ 4.5 దగ్గర బిగించి ఉండేది, అయినా బోర్డు మీద బస్సు (ప్రాసెసర్‌కూ మిగతా భాగాలకూ మధ్య సమాచారం నడిచే దారి) వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు మార్చగానే 300 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ 450 దగ్గర పరుగెత్తేది. ఆ ఆనందం మళ్లీ దొరకలేదు. 2011లో శాండీబ్రిడ్జ్ తరం వచ్చాక బేస్ క్లాక్‌ను మిగతా బస్సులన్నిటితోనూ ముడిపెట్టడంతో, 100ను నాలుగైదు మెగాహెర్ట్జ్ జరిపినా మిగతావి తడబడేవి. స్కైలేక్ తరంలో కొన్ని బోర్డు కంపెనీలు ఒక సందు కనిపెట్టి 'కె' లేని ప్రాసెసర్లను కూడా పరుగెత్తించాయి గానీ, 2016లో ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాలు) మార్పుతో ఆ సందును మూయించింది.

మాడిఫైడ్ బయోస్ జోలికి మాత్రం దయచేసి వెళ్లకండి. ఇటువంటి ఆఫీసు సిస్టమ్‌లలో చాలావాటికి బూట్ గార్డ్ అనే ఏర్పాటు ఉంటుంది. కంపెనీ సంతకం సరిపోలని బయోస్ కనిపిస్తే బోర్డు మొదటి మెట్టులోనే ఆగిపోతుంది. షాపువారు బయోస్ నిల్వ ఉండే ఫ్లాష్ చిప్‌కు క్లిప్పు తగిలించి బలవంతంగా రాసినా ఫలితం అదే. ఒకవేళ ఎక్కి, దాగిన మెనూలు కొన్ని తెరుచుకున్నాయే అనుకుందాం, సిలికాన్‌లో ఉన్న తాళం మెనూ మార్చినంత మాత్రాన ఊడిరాదు. నాకు తెలిసిన ఒకాయన ఇలాగే వేసవి సాయంత్రం ఫ్లాష్ చేయిస్తుండగా సగంలో కరెంటు పోయింది. పాత బయోస్ కాపీ తీసి ఉంచలేదు. ఆ బోర్డు మూడు నెలలు షాపులోనే ఉండి, చివరికి విడిభాగాల కింద పోయింది.

నేను అడగదలచుకున్నది వేరు. ఆ 46 నిమిషాలూ మీ ప్రాసెసర్ ఎంత వేగంతో నడుస్తోందో చూశారా? ఐ7-10700 ఎనిమిది కోర్లతో పనిచేసేటప్పుడు 4.6 వరకు వెళ్లగలదు, కానీ అది కొద్దిసేపటికే. ఇంటెల్ లెక్క ప్రకారం పీఎల్1 అనే దీర్ఘకాల పరిమితి 65 వాట్లు, పీఎల్2 అనే స్వల్పకాల పరిమితి 224 వాట్లు, ఆ స్వల్పకాలం 28 సెకన్లు. బ్రాండెడ్ సిస్టమ్‌లలో కంపెనీలు వీటిని ఇంకా తగ్గించుకోవచ్చు కూడా. అంటే మీ 46 నిమిషాలలో మొదటి అర నిమిషం తప్ప మిగతాదంతా 65 వాట్ల మీద నడిచేదే. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకుని, రెండర్ నడుస్తుండగా కోర్ వేగం, ప్యాకేజీ పవర్ (ప్రాసెసర్ మొత్తం వాడే పవర్), ఉష్ణోగ్రత, థర్మల్ థ్రాటిలింగ్ (వేడి ఎక్కువై వేగం తగ్గించుకోవడం) అనే నాలుగు వరుసలను రాసి పంపండి. అవి లేకుండా ఎవరు ఏం చెప్పినా ఊహే.

నిజాంపేట డిజైనర్:

వివరంగా రాసినందుకు ధన్యవాదాలండీ. చెప్పినట్టే చూశాను. రెండర్ మొదలైన వెంటనే 4.3 చూపించింది, అయిదారు సెకన్లలోనే ఉష్ణోగ్రత 100 డిగ్రీలకు చేరింది, అక్కడి నుంచి వేగం పడిపోతూ వచ్చి నిమిషం తిరిగేసరికి 2.9 గిగాహెర్ట్జ్ దగ్గర స్థిరపడింది. ప్యాకేజీ పవర్ 57 వాట్లకు అటూ ఇటూగా ఉంది, 65కు ఒక్కసారి కూడా చేరలేదు. ఉష్ణోగ్రత 97 నుంచి 99. థర్మల్ థ్రాటిలింగ్ వరుసలో ఎర్రటి అక్షరాలతో 'అవును' అని ఉంది. గదిలో అప్పుడు 36 డిగ్రీలు.

తార్నాక టెక్నీషియన్ సమాధానం:

సమాధానం మీ అంకెలలోనే ఉంది. ఆ ప్రాసెసర్‌కు 100 డిగ్రీలు హద్దు, దాన్ని తాకగానే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. మీది తనకు హక్కుగా రావలసిన 65 వాట్లను కూడా వాడుకోలేకపోతోంది. ఇచ్చిన అన్నమే తినలేకపోతున్నవాడికి రెండో విస్తరి వేయడం ఎందుకు?

క్యాబినెట్ తెరిచి, ప్రాసెసర్ వేడిని లాగే లోహపు రెక్కల దిమ్మె, అంటే హీట్‌సింక్ విప్పండి. పాత థర్మల్ పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. కొత్త పేస్టు పెద్ద కందిగింజంత మధ్యలో పెడితే చాలు, హీట్‌సింక్ బిగిస్తున్నప్పుడు అదే పరుచుకుంటుంది. నాలుగు స్క్రూలను ఒకదాని తర్వాత ఒకటి పూర్తిగా బిగించవద్దు, ఎదురెదురు మూలలను కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రండి. బ్లోయర్‌తో దుమ్ము కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో పట్టుకోండి, లేకపోతే అది గిర్రున తిరిగి బేరింగ్ పాడవుతుంది.

బయోస్‌లో ఫ్యాను మెనూ ఉందన్నారు కదా, అది 'క్వైట్' మీద ఉందేమో చూడండి. ఆఫీసులలో చప్పుడు రాకూడదని ఐటీ విభాగంవారు అలా పెట్టి వదిలేస్తారు. మీ బయోస్‌లో మీకు పనికొచ్చే ఆప్షన్ బహుశా అదొక్కటే.

ఓవర్‌క్లాకింగ్ మీద ఇంకా ఆశ ఉంటే ఎస్‌ఎంపీఎస్ లెక్క కూడా చెబుతాను. మీ ప్రాసెసర్ పీఎల్2లో 224 వాట్లు, జీటీఎక్స్ 1650 కార్డు 75 వాట్లు. ఈ రెండే 299 అయ్యాయి, మీది 260 వాట్ల ఎస్‌ఎంపీఎస్. పెద్దది కొని పెడదామంటే, ఇలాంటి సిస్టమ్‌లలో చాలావాటికి బోర్డు కనెక్టర్ మామూలు 24 పిన్నులది కాదు, డబ్బా కొలత కూడా వేరు. బజారులో దొరికేది పట్టదు.

ఇంతకీ సీపీయూ డబ్బాను ఎక్కడ పెట్టారు?

నిజాంపేట డిజైనర్:

చెప్పడానికి సిగ్గుగా ఉంది. నా పని బల్లను నేనే డిజైన్ చేసుకున్నాను. వైర్లు, డబ్బాలు కనబడకూడదని సీపీయూకు బల్ల కిందే ప్లైవుడ్ గూడు చేయించి, ముందు ల్యామినేట్ తలుపు పెట్టించాను. వెనక వైర్ల కోసం మూడంగుళాల రంధ్రం ఒకటే ఉంది. ఇన్నాళ్లూ ఆ తలుపు మూసే రెండర్ చేస్తున్నాను.

నిన్న ఆదివారం కాబట్టి అంతా బయటికి తీశాను. హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము విడిగా కాదు, నమదా ముక్కలా అట్టకట్టి ఉంది; పట్టకారుతో పట్టి లాగితే ఒకే రేకుగా ఊడి వచ్చింది. దాని అంచులలో మా వర్క్‌షాపు రంపపు పొట్టు కూడా కనిపించింది. థర్మల్ పేస్టు ఎండి, పాత గోడ మీది సున్నంలా పెళుసెక్కి, గోటితో గీకితే పొడిపొడిగా రాలింది. ఫ్యాను మెనూ మీరన్నట్టే 'క్వైట్' మీద ఉంది, మార్చాను. ఇప్పుడు అదే సీన్, అదే గది: ఉష్ణోగ్రత 79, పవర్ సరిగ్గా 65 వాట్లు, వేగం 3.3. రెండర్ 40 నిమిషాలలో పూర్తయింది.

బోడుప్పల్ రైజెన్ సమాధానం:

ఫలితం బాగుంది. కానీ ఓవర్‌క్లాకింగ్ అంటేనే తప్పుపని అన్నట్టు ఇక్కడ మాట్లాడుతున్నారు, దానితో నేను ఏకీభవించను. నాది కూడా కంపెనీ అమర్చి అమ్మిన సిస్టమే, అయితే అందులో రైజెన్ 5 3600, బి450 బోర్డు ఉన్నాయి. ఏఎమ్‌డీ వారు రైజెన్ ప్రాసెసర్లలో ఎక్కువభాగానికి మల్టిప్లయర్‌ను తెరిచే ఉంచుతారు, బోర్డు ఏ320 లేదా ఏ520 కాకపోతే చాలు. బయోస్‌లోనే అన్ని కోర్లనూ 4.2 దగ్గర పెట్టుకుని రెండు నెలలు వాడాను, బయోస్ తాళాల గొడవే లేదు.

నిజాయితీగా చెప్పాలంటే లాభం పెద్దగా రాలేదు. మామూలుగా అన్ని కోర్లూ 3.95 దగ్గర నడిచేవి, అంటే నాకు దక్కింది ఆరు శాతం. దానికి బదులుగా ఉష్ణోగ్రత పన్నెండు డిగ్రీలు పెరిగింది. ఏప్రిల్ దాకా బాగానే ఉంది గానీ మే నెలలో మధ్యాహ్నం పూట రెండుసార్లు స్క్రీను బిగుసుకుపోయింది, అందులో ఒకసారి సేవ్ చేయని పని పోయింది. ఇప్పుడు చలికాలంలో మాత్రమే పెట్టుకుంటున్నాను. అయినా సరే, తాళం లేని సిస్టమ్ ఉన్నవారు ఒకసారి చేసి చూడాలనే నా అభిప్రాయం. తన యంత్రం ఎంతవరకు తట్టుకుంటుందో తెలుసుకోవడం కూడా ఒక సరదా.

ఒక ప్రశ్న. ప్రశ్న అడిగినవారు వోల్టేజీ పెంచలేకపోతే, తగ్గించి వేడి మిగుల్చుకోవచ్చు కదా? అండర్‌వోల్టింగ్ సంగతి ఎవరూ ఎత్తలేదు.

పాత సెలెరాన్ సమాధానం:

సరదాకు నేను అడ్డం కాదు, పేరే సెలెరాన్ అని పెట్టుకున్నవాణ్ణి. కాకపోతే ఆయనకు ఆ యంత్రమే అన్నం పెడుతోంది, బిగుసుకుపోతే నష్టం ఆయనది.

అండర్‌వోల్టింగ్ ఆలోచన సరైనదే. ప్రాసెసర్ మింగే పవర్ వేగానికి అనులోమంగానూ, వోల్టేజీ వర్గానికి అనులోమంగానూ పెరుగుతుంది కాబట్టి వోల్టేజీని కొంచెం తగ్గించినా వేడి బాగా తగ్గుతుంది, అదే 65 వాట్లలో వేగం కొంత పెరుగుతుంది. కానీ 2019 డిసెంబరులో ప్లండర్‌వోల్ట్ అనే లోపం బయటపడింది. సాఫ్ట్‌వేర్ ద్వారా వోల్టేజీని కావాలనే తగ్గించి, ప్రాసెసర్ చేత తప్పు లెక్క చేయించి, ఎస్‌జీఎక్స్ అనే రక్షిత భాగంలోని రహస్యాలను లాగవచ్చని పరిశోధకులు చూపించారు. ఆ తర్వాత బయోస్ అప్‌డేట్ల ద్వారా ఆ దారికి తాళం పడింది. ఆఫీసుల కోసం చేసిన సిస్టమ్‌లో అది తెరిచి ఉంటుందని ఆశించవద్దు.

మిగిలిన దారి ఒకటుంది, అది ఓవర్‌క్లాకింగ్ కాదు. ఇప్పుడు మీకు వేడిలో 20 డిగ్రీల వెసులుబాటు వచ్చింది, అడ్డు పడుతున్నది 65 వాట్ల పీఎల్1 మాత్రమే. థ్రాటిల్‌స్టాప్ అనే ప్రోగ్రామ్‌లో టీపీఎల్ అనే కిటికీ తెరిచి, అక్కడ తాళం గుర్తు మూసి ఉందో తెరిచి ఉందో చూడండి. మూసి ఉంటే కథ అక్కడితో సమాప్తం. తెరిచి ఉంటే పీఎల్1ను 65 నుంచి 75కు, ఒక పూర్తి రెండర్ చూశాక 85కు మార్చండి, అక్కడ ఆపండి. ప్రాసెసర్‌కు కరెంటు అందించే వీఆర్‌ఎం భాగాలకు మీ బోర్డులో హీట్‌సింక్ ఉండకపోవచ్చు, 260 వాట్ల లెక్క కూడా మరచిపోకూడదు. ఇందులో నాకు నచ్చిన విషయం, సిస్టమ్ ఆఫ్ చేస్తే మార్పు పోతుంది. ఏదైనా తేడా వస్తే ఆపి ఆన్ చేసుకుంటే పాత స్థితికి వచ్చేస్తారు. బయోస్ ఫ్లాష్‌లో ఆ సౌకర్యం లేదు.

ర్యామ్ గురించి ఒక మాట. ఒక స్టిక్ ఉంటే ఒకే చానల్ మీద నడుస్తుంది, అంటే సెకనుకు సుమారు 23.5 జీబీ, రెండోది పెడితే రెట్టింపు. అయితే రెండరింగ్ వేగంలో దీని ప్రభావం స్వల్పమే. మీ సీన్లు 16 జీబీ దాటుతుంటేనే కొనండి, వేగం కోసం మాత్రం వద్దు.

నిజాంపేట డిజైనర్:

తాళం గుర్తు తెరిచే ఉందండీ. 75 దగ్గర ఒక రోజు, 85 దగ్గర మూడు రోజులు నడిపాను. 85 వాట్ల దగ్గర వేగం 3.6కు అటూ ఇటూ ఉంటోంది, ఉష్ణోగ్రత 90 దాటలేదు, అదే వంటగది 37 నిమిషాలలో వస్తోంది. మాడిఫైడ్ బయోస్ కోసం తీసి ఉంచిన 1,500లో పేస్టుకూ ఆల్కహాల్‌కూ కలిపి ఆరువందల లోపే అయింది.

ఫ్యాను మాత్రం ఇప్పుడు గట్టిగా మోగుతోంది, ఫోన్లో ఇంటివారితో మాట్లాడుతుంటే "మిక్సీ నడుస్తోందా?" అని అడిగారు. ల్యామినేట్ తలుపు తీసేసి, ఆ స్థానంలో జాలీ తలుపు పెట్టించి, గూటి వెనక పలకను పూర్తిగా కోయించాను. రేపు తలుపు మూసి ఒకసారి, తెరిచి ఒకసారి రెండర్ చేసి, రెండింటి అంకెలూ ఇక్కడే రాస్తాను.